కట్టినవాడు వచ్చేదాకా

వదిన కబురు పెడితే వెళ్లాను. కబురంటే పెద్దగా ఏం లేదు. మీ అన్న కారు కదలడం లేదు, నీ సామాను తీసుకుని రా అని ఫోనులో చెప్పి పెట్టేసింది. ఈ మధ్య వదిన మాటలు కూడా నా మాటల్లాగే తక్కువైపోయాయి. ఒకప్పుడు ఆ ఇంట్లో ఆవిడ గొంతూ కుట్టు మిషను చప్పుడూ పోటీ పడేవి.

అన్నకు మతిమరుపు జబ్బు. మొదట పేర్లు పోయాయి, తర్వాత దారులు పోయాయి, ఆ తర్వాత మనుషులు పోయారు. ఇప్పుడు వదినను పోల్చుకుంటాడు, అదీ పొద్దుటి పూట మాత్రమే. నన్ను పోల్చుకోవడం మానేసి చాలా కాలమైంది. మేమిద్దరం ఒకే షెడ్డులో, మా మేనమామ దగ్గర, కార్ల వైర్లు పట్టుకుని పెరిగాం. తర్వాత అన్న ట్యాక్సీ కొనుక్కుని డ్రైవరయ్యాడు. నేను వైర్ల దగ్గరే ఉండిపోయాను. నాకు మూగోడు అని పేరు పెట్టింది ఆయనే. ఆ పేరు ఎంత దూరం పాకిందంటే, నా పెళ్లిలో ఆడపిల్ల తరఫు వాళ్లు పిల్లవాడు నిజంగానే మూగేమోనని కంగారు పడ్డారు. "మాటలొచ్చండీ. పొదుపుగా వాడతాడు, అంతే" అని అన్న వాళ్లకు సర్దిచెప్పాడట.

నేను గేటు తీసేసరికి అన్న కారులోనే ఉన్నాడు. ఆ ఇంటి ముందు జాగా కారుకూ బట్టల తాడుకూ సరిపోతుంది, అంతే. తాడు మీద మనవరాలి గౌను ఆరుతోంది. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు. అన్న కూతురు ఉద్యోగానికి, దాని పిల్ల బడికి వెళ్లిపోయినట్టున్నారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అన్న చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పాడు. అలా చాలాసార్లు తిప్పి, తిప్పి, చివరికి నుదురు స్టీరింగుకు ఆనించి ఏడవడం మొదలుపెట్టాడు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నేను దగ్గరికి వెళితే తల ఎత్తి చూశాడు.

"మెకానిక్ గారా? రండి. కొంచెం తొందరగా చూసిపెట్టండి. స్టేషన్లో మనుషులు సామాన్లతో నిలబడి ఉన్నారు" అన్నాడు.

ఒరేయ్ లేకుండా అన్న నన్ను పిలిచి ఎరగడు. ఇప్పుడు మీరు అంటున్నాడు. చూస్తానండీ అన్నాను. ఇంకేమంటాను.

వదిన వచ్చి ఆయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లి కూర్చోబెట్టింది. తిరిగి వచ్చి బానెట్ పక్కన నిలబడి సంగతి చెప్పింది. రోజూ ఇదే తంతు. లేవగానే తయారవుతాడు, కారెక్కుతాడు, తాళం తిప్పుతాడు, ఏడుస్తాడు. తాళం దాచిపెట్టి చూసిందట. ఇల్లంతా పీకి పందిరి వేశాడు, అన్నం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి వెతికాడు. ఇక దాచడం మానేసింది.

"బండి ఒక్కసారి స్టార్టయితే చాలు మరిదీ. ఎక్కడికీ పోనవసరం లేదు. కావాలంటే చక్రాలు తీసేసి ఇటుకల మీద పెట్టేయ్. ఆ ఇంజను చప్పుడు వింటే మనిషి కాస్త కుదురుకుంటాడు. మొగాడు రోజూ అలా ఏడుస్తుంటే చూడలేకపోతున్నాను" అంది.

సరేనన్నాను. నాకూ లోపల ఒక ఆశ ఉంది, ఆవిడతో చెప్పలేదు. ఆ ఇంజను చప్పుడు నేనూ అన్నా కలిసి చెవులు పెట్టి సరిచేసిన చప్పుడు. అది వింటే, ఒక్క నిమిషమైనా, నేనెవరో తెలుస్తుందేమోనని.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ మొనల మీద తెల్లటి పొడి ఉప్పులా పేరుకుంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో ప్రాణం లేదు. రోజూ లైట్లు వేసి, ఆర్పకుండా దిగిపోతుంటే ఏ బ్యాటరీ మాత్రం నిలుస్తుంది. దాన్ని తీసి పక్కన పెట్టి, నేను తెచ్చిన బ్యాటరీ పెట్టాను. వైర్ల కొసలు వేడినీళ్లతో కడిగి గరుకు కాగితంతో రుద్దాను. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ తుప్పు పట్టి, వేలితో లాగితే రాలిపోయింది. అదీ మార్చాను. ఇక లేస్తుందనుకున్నాను.

వదినను సీట్లో కూర్చోబెట్టి లైట్లు వేయమన్నాను.

"నన్ను డ్రైవర్ని చేసేశావు. ముందే చెబితే లైసెన్సు తీసుకునేదాన్ని కదా" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట ఎగతాళి విన్నాను.

లైట్లు గోడ మీద పడ్డాయి, మంచి వెలుగు. తాళం తిప్పమన్నాను. తిప్పానంది. ఏమీ కాలేదు. తిప్పావా అని మళ్లీ అడిగాను.

"తిప్పాననే కదా చెబుతున్నా. ఇంకా తిప్పితే చేతిలోకి ఊడొస్తుంది."

నేను చూస్తున్నది లైట్ల వైపు. తాళం తిప్పినప్పుడు అవి మసకబారలేదు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు తిరగాలని ప్రయత్నించి తిరగలేకపోతే లైట్లు మసకబారతాయి. మసకబారలేదంటే దానికి మాటే అందలేదు. తాళం తిప్పగానే ఒక సన్న వైరు గుండా కాస్త కరెంటు వెళ్లి సెల్ఫ్‌ను లేపుతుంది. అప్పుడు అది లావు వైరులోంచి బ్యాటరీ బలమంతా లాక్కుని ఇంజనును తిప్పుతుంది. లేపేవాడు లేడు కాబట్టి అది పడుకునే ఉంది.

సెల్ఫ్ బాగుందో లేదో తేల్చుకోవాలి. గేరు న్యూట్రల్లో పెట్టించి, తాళం ఆపించి, పొడుగు స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మీది రెండు బోల్టులను కలిపి తాకించాను. రవ్వ ఎగిరింది. సెల్ఫ్ గర్రుమని ఇంజనును ఒక చుట్టు తిప్పి ఆగింది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అన్న కిటికీ దగ్గరికి వచ్చి ఊచలు పట్టుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి. "అదీ... అదీ" అంటున్నాడు. ఎంతసేపటికీ ఊచలు వదల్లేదు.

"చూశావా" అంది వదిన. అంతే అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజానికి అలా స్క్రూడ్రైవరుతోనే ఇంజనును నడిపించేయొచ్చు. దొంగలు చేసే పని అది. రోగం ఎక్కడుందో తెలుసుకోకుండా బండిని లేపితే మామయ్య మమ్మల్ని షెడ్డులోంచి తరిమేసేవాడు. కరెంటు అందితే వెలిగే టెస్ట్ ల్యాంపు తీసి సన్న వైరుకు తగిలించాను. వదిన తాళం తిప్పినా ల్యాంపు వెలగలేదు. సరే, రోగం వైరులోనో తాళంలోనో ఉంది. వైరు వెంట వేలు పెట్టుకుంటూ వెనక్కి వెళ్లాను.

డాష్‌బోర్డు కింద ఎలుక కొరికిన చోటు దొరికింది. రాగి బయటపడి ఉంది. ఇదేనని సంతోషపడ్డాను. అతికి, టేపు చుట్టి, తాళం తిప్పించాను. సెల్ఫ్ తిరగలేదు గానీ అద్దం మీద వైపర్లు లేచి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. నేను అతికింది వాటి వైరు. ఎప్పుడో వానలో వేసి, ఆపకుండా వదిలేసిన మీట.

"వాన లేకుండా తుడుస్తోంది, పిచ్చిది" అని వదిన మీట ఆపేసింది. ఆపిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచుకుంది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఇక మిగిలింది తాళం వెనక భాగం. వదినను దిగమని, వీపు కింద గోనెసంచి వేసుకుని, కాళ్లు బయట పెట్టి, తల పెడళ్ల మధ్య దూర్చి పడుకున్నాను. నా వయసులో అలా దూరడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు. టార్చి నోట్లో పెట్టుకుని పైకి చూశాను.

సన్న వైరు ఉండాల్సిన చోట లేదు. తెగిపోలేదు, కాలిపోలేదు, ఎలుక కొట్టలేదు. ఎవరో పీకారు. దాని కొసకు రాగి కనపడకుండా నల్ల టేపు శుభ్రంగా చుట్టి, వెనక్కి మడిచి, మడత మీద ఒక గుడ్డ పీలిక కట్టారు. రోగం దానంతట అది టేపు చుట్టుకోదు.

టార్చి నోట్లోంచి జారి ఛాతీ మీద పడింది.

మా మామయ్యకు కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆయన ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి ఉండగా, బండి యజమాని చూసుకోకుండా సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఆ తర్వాత మామయ్య షెడ్డులో ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు బండిలో చెయ్యి పెట్టినా ముందు తాళం వెనక సన్న వైరు పీకాలి, కొసకు టేపు చుట్టాలి, గుడ్డ కట్టాలి. గుడ్డ కనపడిందంటే కింద మనిషి ఉన్నట్టు. కట్టినవాడే విప్పాలి. వాడు భోజనానికి పోయినా, యజమాని వచ్చి చిందులు తొక్కినా, ఇంకొకడు ముట్టుకోకూడదు. ఒకసారి అన్న గుడ్డ కట్టి, చెప్పకుండా సినిమాకు చెక్కేశాడు. ఆ బండివాళ్లు సాయంత్రం దాకా షెడ్డు ముందు అరుగు మీద కూర్చున్నారు. మామయ్య అన్నను ఏడు తరాలు కలిపి తిట్టాడు గానీ, గుడ్డ మీద మాత్రం చెయ్యి వేయలేదు. సినిమా బాగుందా నాయనా అని, వచ్చాక అడిగి మరీ కొట్టాడు.

ఆ పద్ధతి మా షెడ్డుది. ఇంకెక్కడా చూడలేదు. షెడ్డు మూతపడింది, మామయ్య పోయాడు. ఇంటి ముందు నిలబడ్డ కారులో గుడ్డ కట్టగలిగినవాళ్లం ఇక ఇద్దరమే ఉన్నాం. నేను కట్టలేదు.

టార్చి తీసి మళ్లీ చూశాను. ముడి ఎడమవైపుకు తిరిగి ఉంది. అన్నది ఎడమచేతి వాటం. పాత ముడి కాదు, గుడ్డ ఇంకా వెలవలేదు. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు.

ఎలా బయటికి వచ్చానో నాకే తెలియదు. వదిన గట్టు మీద కూర్చుని ఉంది. తాడు మీది గౌను చూపించి, అది ఎప్పుడు కుట్టావని అడిగాను. కారు గురించి అడిగితే గౌను గురించి అడుగుతావేమిటి అన్నట్టు చూసింది. మొన్న వానల్లో కుట్టానంది. నేను డాష్‌బోర్డు కింద టార్చి వేసి గుడ్డ చూపించాను. మా షెడ్డు పద్ధతి ఆవిడకూ తెలుసు. కొత్త కాపురంలో ఆ పీలికలు ఇచ్చింది ఆవిడే, కుట్టు మిషను కింద రాలిన ముక్కలు.

వెనక్కి వెళ్లి గట్టు మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. కూతురితో తప్ప ఎవరితోనూ చెప్పని సంగతి.

అప్పటికి అన్న బండి నడుపుతూనే ఉన్నాడు. పేర్లు మరిచిపోయినా చేతులు మరిచిపోలేదు కదా అనుకున్నారు. ఒక వానరోజు పొద్దున మనవరాలిని బడిలో దింపి వస్తానని తీసుకెళ్లాడు. కొత్త గౌను వేసుకుని వెళ్లింది పిల్ల. బడికి చేరలేదు. ఇంటికి రాలేదు. వదినా, పిల్ల తల్లీ వెతుకుతూ ఊరంతా తిరిగారు. దీపాలు పెట్టే వేళకు కారు దానంతట అదే వచ్చినట్టు గేటు ముందుకొచ్చి ఆగింది, వైపర్లు కొట్టుకుంటూ. వెనక సీట్లో పిల్ల ఆకలితో ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. అన్న దిగి వదిన దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నాడో తెలుసా మరిదీ. 'ఈ పాప ఎవరమ్మా, పాపం, దారంతా ఏడుస్తూనే ఉంది' అన్నాడు."

ఆ తర్వాత లోపలికి వచ్చి కూర్చున్నాక, ఎలా వచ్చిందో ఏమో, తెలివి వచ్చింది. పిల్ల పడుకున్న మంచం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. తర్వాత కుట్టు మిషను కింద వంగి ఏదో వెతికాడు. సూది పడిందా అని వదిన అడిగితే అవునన్నాడు. టార్చి తీసుకుని కారులోకి వెళ్లి చాలాసేపటికి తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి బండి కదల్లేదు.

"వానకు తడిసి పాడైందనుకున్నాను. ఆ వానకు దండం కూడా పెట్టుకున్నాను" అంది.

నేను తల ఊపాను. ఆవిడ నా ముఖం చూసి, నేను అనని మాటను తనే అందుకుంది.

"తెలిసే కట్టాడా?"

"తెలిసే కట్టాడు."

"మరి రోజూ ఆ ఏడుపు?"

"కట్టింది గుర్తులేక."

వదిన చీర కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఇక పిల్లను ఎక్కించుకునేది లేదు, చక్రాలు తీసేద్దామనుకున్నాం కదా, ఇంజను ఆడితే ఎవరికి నష్టం, ఆయనకేం తెలుస్తుంది, విప్పేయమంది. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. వైరు తగిలించడం నాకు నిమిషం పని. కిటికీ దగ్గర అన్న ఇంకా ఊచలు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"నేను కట్టలేదు వదినా" అన్నాను.

"కట్టినాయన అదిగో, అక్కడున్నాడు. పిలవనా?"

కోపంతోనే అంది. కానీ నాకు అదే సరైనదనిపించింది. పిలవమన్నాను. ఆయన చేత్తో ఆయన విప్పితే ఇక ఎవరికీ పట్టింపు ఉండదు. నేను వైరు తగిలిస్తాను, ఇంజను ఆడుతుంది, ఆ చప్పుడుకు నా వైపు చూస్తాడు.

అన్న వచ్చాడు. బాగైందా అండీ అని అడుగుతూ సీట్లో కూర్చుని తాళం మీద చెయ్యి వేశాడు. ఒక్క ముడి మిగిలింది, మీరు విప్పితే అయిపోతుందని చెప్పాను. వైరును కిందికి లాగి, గుడ్డ కనపడేలా వేలాడదీసి, టార్చి వేశాను. అన్న వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ముఖంలో ఏమీ లేదు. అర్థం కాలేదనుకుని, దారి చూపిద్దామని ముడి మీద నా వేలు పెట్టాను.

చెయ్యి మీద ఫెడీమని ఒక దెబ్బ పడింది.

"ఒరేయ్ మూగోడా, చెయ్యి తియ్. గుడ్డ కనపడటం లేదూ? కింద మనిషి ఉన్నాడు."

షెడ్డులో గొంతు అది. వదిన గబగబా కారు దగ్గరికి వచ్చింది. అన్న సూటిగా నన్నే చూస్తున్నాడు, నన్నే తిడుతున్నాడు.

"ఎవడు కట్టాడ్రా ఇది?"

ఆ కాసేపట్లో చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. నువ్వే కట్టావన్నా అనొచ్చు. పిల్ల బాగుందన్నా అనొచ్చు. నువ్వు చేయాల్సింది చేశావు, ఇక ఏడవకు అనొచ్చు. నువ్వే కట్టావంటే ఎందుకు కట్టానని అడుగుతాడు. అప్పుడేం చెప్పను.

"తెలియదన్నా" అన్నాను. ఒక్క ముక్క చెప్పాను. అదీ అబద్ధం.

"తెలియకపోతే వచ్చేదాకా ఆగు. మామయ్య చూశాడంటే తోలు తీస్తాడు."

తాళం ఊడదీసి జేబులో వేసుకుని, పైనుంచి తట్టి చూసుకున్నాడు. దిగి, మోకాళ్ల మీద వంగి, కారు కింద ఒకసారి చూశాడు. ఎవరూ కనపడకపోతే బజారుకు పోయుంటాడులే అని గొణుక్కుని, గేటు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేను కదలకుండా అక్కడే నిలబడిపోయాను. ఇంకో మాట అంటాడేమోనని చూశాను.

"మీరూ కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు" అన్నాడు.

పక్కన కూర్చున్నాను. వదిన ఇద్దరికీ కాఫీ తెచ్చింది. విప్పమని మళ్లీ అడగలేదు.

నా బ్యాటరీ ఆ కారులోనే వదిలేశాను. లోపలి లైటు వెలిగితే గుడ్డ బాగా కనపడుతుందని, దాన్ని డాష్‌బోర్డు కిందికి ఇంకాస్త వేలాడేలా సర్ది వచ్చాను. ముడి మీద చెయ్యి పడకుండానే సర్దాను.

ఇప్పుడు నేనూ పొద్దున్నే అక్కడికి వెళుతున్నాను. అన్న గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని వస్తాడు. సీట్లో కూర్చుంటాడు. తాళం పెట్టే ముందు కిందికి వంగి చూస్తాడు, ఆ అలవాటు మామయ్య కొట్టి నేర్పింది. గుడ్డ కనపడుతుంది. మారుమాట లేకుండా తాళం జేబులో వేసుకుని దిగిపోతాడు. ఏడవడం లేదు. వదిన మాత్రం ఆ వేళకు లోపల మిషను ముందు కూర్చుంటుంది. మిషను చప్పుడు మొదలవుతుంది, ఆగుతుంది, చాలాసేపు ఆగిపోతుంది. ఏడుపు ఆ ఇంట్లోంచి పోలేదు. ఏడ్చే మనిషి మారింది, అంతే.

నన్ను మళ్లీ ఒరేయ్ అనలేదు. గేటు దగ్గర ఇద్దరం రెండు స్టూళ్ల మీద కూర్చుంటాం. వచ్చేపోయేవాళ్లను చూస్తుంటాం.

"కట్టినాయన వచ్చాడా అండీ?" అని అడుగుతాడు.

"ఇంకా రాలేదండీ" అంటాను.

"వస్తాడు లెండి" అంటాడు నాకు ధైర్యం చెబుతున్నట్టు. "ముడి చూశారు కదా, ఎంత పద్ధతిగా కట్టాడో. మరిచిపోయే మనిషి కాదు."

అవునండీ అంటాను.